పిలుచువాడును వాయించువారును



ఈ సంవత్సరము మీకొక దూరదేశపు వినోదమునుగూర్చి వ్రాయదలచితిమి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్యమున నున్న ఆరు రాష్ట్రములకు న్యూ ఇంగ్లండు అని పేరు. అచ్చటి పల్లెలలోను పట్టణములలోను జనులు సాయంకాలమున ఒక విశాలమైన శాలలో కూడి, రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలిచి, ఫిడేలు పాటకు అడుగులు వేయుచు ఆడు ఆట యొకటి కలదు. దానికి కాంట్రా నృత్యమని పేరు. ఇప్పుడది ఆ దేశమంతటను, మరికొన్ని దేశములలోను వ్యాపించియున్నది.

ఈ ఆటకు మూడు తెగలవారు కావలెను. ఆటగాండ్రు మొదటివారు. వాద్యగాండ్రు రెండవవారు. నడకలను ముందుగా నేర్పి, ఆట నడుచుచుండగా వాటిని బిగ్గరగా చెప్పుచుండువాడు మూడవవాడు. వానిని ఆ దేశస్థులు కాలరు అందురు. ఈ వ్యాసమున మేము వానిని పిలుచువాడని చెప్పుదుము. ఈ పనిని పురుషులేగాక స్త్రీలును చేయుచున్నారని పాఠకులు గ్రహింతురుగాక.

మేము విచారింపదలచినది ఒక్కటే. వాద్యగాండ్రు తన ప్రక్కను కూర్చుండి వాయించుచుండగా పిలుచువాడు వారితో ఏలాగు కలిసి పనిచేయవలెను? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. కాని మీలో కొందరు తరగతి మానిటర్లు, కొందరు డ్రిల్లు నాయకులు, కొందరు ఆరాధనలో కీర్తన నెత్తుకొనువారు. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులగుదురు. పదిమందికి మాట చెప్పవలసిన ప్రతివానికిని ఈ ప్రశ్నలో నేర్చుకొనదగినది కలదు.

1. ఆటయొక్క స్వరూపము

ఆటగాండ్రు జతలుజతలుగా నిలుతురు. మొదటి జతయు రెండవ జతయు ఒక గుంపు. మూడవదియు నాల్గవదియు ఒక గుంపు. ఈలాగున నలుగురేసి చొప్పున శాలపొడుగునను గుంపులేర్పడును. ప్రతి గుంపులోని నలుగురును ఒకరితోనొకరు కొన్ని నడకలు నడిచి, ఆ ఆవృత్తము ముగియునప్పటికి ఒక్కొక్క స్థానము జరిగి క్రొత్త జతను ఎదుర్కొందురు. మొదటి జతలు శాల దిగువకును, రెండవ జతలు ఎగువకును జరుగుచుండును. మరల అవే నడకలను క్రొత్తవారితో నడుచుదురు. వరుస చివరకు చేరినవారు ఒక ఆవృత్తము ఊరకుండి, ముఖము త్రిప్పుకొని మరల లోపలికి వత్తురు. ఆట ముగియునప్పటికి ఒక్కొక్క జత అనేకులతో చేయి కలిపియుండును. తాతయు మనుమరాలును, వైద్యుడును వడ్రంగియు ఒకే వరుసలో నిలుతురు.

మన కోలాటమును చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. కోలాటములో ‘కోపు’ అనునట్టిదే ఈ నడక. ‘ఉద్ది’ అనునట్టివాడే ఇక్కడి జతగాడు. ఈ రెండు ఆటలకు చుట్టరికము కలదని మేము చెప్పుటలేదు. తెలిసినదానితో తెలియనిదానిని పోల్చుట ఉపాధ్యాయుని అలవాటు గనుక పోల్చితిమి.

2. పాటయొక్క లెక్క

పిలుచువాని పని తెలియవలెనన్నచో ముందుగా పాట లెక్క తెలియవలెను. పాటలో రెండు ముక్కలుండును. ఒక్కొక్క ముక్క 16 అడుగుల కాలము పట్టును. మొదటి ముక్కను రెండుమారులు వాయించి, పిమ్మట రెండవ ముక్కను రెండుమారులు వాయింతురు. కావున 16ను 4చేత గుణింపగా 64 అడుగులగును. ఇది ఒక ఆవృత్తము. నడకలును ఈ కొలతకే సరిపోవునట్లు కూర్పబడినవి. ఒక్కొక్క నడకకు సాధారణముగా 8 అడుగులుగాని 16 అడుగులుగాని పట్టును.

ఒక ఆటను దృష్టాంతముగా చూపుదుము. మొదటి 16 అడుగులలో ఎదుటి జతలోని పొరుగువారితో చేతులు పట్టుకొని ముందునకును వెనుకకును ఊగి, జతగా గిరగిర తిరుగవలెను. ఊగుటకు బ్యాలెన్సు అనియు తిరుగుటకు స్వింగు అనియు పేర్లు. రెండవ 16లో, 8 అడుగులు వరుసలు రెండును ముందునకు వచ్చి వెనుకకు పోవును. తక్కిన 8లో స్త్రీలిద్దరు కుడిచేతులు కలిపి ఆవలి వరుసకు దాటి తమ జతగాండ్రను చేరుదురు. మూడవ 16లో సొంత జతతో ఊగి తిరుగవలెను. నాలుగవ 16లో, నలుగురును చేతులు పట్టుకొని ఎడమవైపుగా వలయములో ముప్పాతిక వంతు తిరుగుటకు 8, వలయముగానే ఊగుటకు 4, ఒకరినొకరు దాటి క్రొత్తవారిని చేరుటకు 4. మొత్తము కూడి చూడుడు, 64 సరిపోవును.

కాలప్రమాణము నిమిషమునకు సుమారు 110 మొదలు 120 అడుగుల వరకు ఉండును. 120 చొప్పున నడిచినయెడల ఒక ఆవృత్తమునకు 32 సెకండ్లు పట్టును. ఒక ఆట 10 నిమిషములు సాగినయెడల ఎన్ని ఆవృత్తములగునో లెక్కల తరగతివారు చేసి చూతురుగాక.

పాటలలో రెండు ముఖ్యమైన తెగలు కలవు. జిగ్గు అనుదానిలో ఒక్కొక్క అడుగులో మూడు చిన్న మాత్రలు ఇమిడియుండును. మన సంగీతము నేర్చినవారు దీనిని తిశ్ర నడకతో పోల్చుకొనవచ్చును. రీలు అనునది చతురశ్ర నడకవంటిది. పేరును నమ్మి మోసపోవువారును కలరు. ‘కోరస్ జిగ్గు’ అను పేరుగల ప్రసిద్ధమైన పాట నిజముగా రీలే.

3. ఈ పని పుట్టిన విధము

1651వ సంవత్సరమున లండనులో జాన్ ప్లేఫర్డు అనునతడు ‘ది ఇంగ్లీష్ డాన్సింగ్ మాస్టర్’ అను గ్రంథమును ప్రచురించెను. ఇంగ్లండు దేశపు పల్లెయాటల నడకలును పాటలును అందులో నున్నవి. అట్టి ఆటలు ఫ్రాన్సు దేశమునకును, సముద్రము దాటి అమెరికాకును పోయెను. తొలుత నృత్యము నేర్పు గురువులు నడకలను శిష్యులచేత కంఠస్థము చేయించుచుండిరి. ఆట నడుచుచుండగా నడకలను బిగ్గరగా చెప్పు ఆచారము 19వ శతాబ్దమున అమెరికాలో ప్రబలెను.

ఈ ఆచారమునకు తొలి నాయకులెవరో మన బాలురు తెలిసికొనదగినది. 2015లో తన పరిశోధనను గ్రంథముగా ప్రకటించిన ఫిల్ జేమిసన్ చూపినట్లు, ఫిడేలు వాయించుచునే నడకలను చెప్పిన మొదటివారిలో నల్లజాతివారు అనేకులు కలరు. వారిలో కొందరు బానిసలు. తమ సొంత దేహముపైన తమకు అధికారము లేనివారు, యజమానుల శాలలో యజమానులకే నడక చెప్పిరి! వారికి పాటయు తెలియును, నడకయు తెలియును. పిలుచువాడును వాయించువాడును ఒక్కడే గనుక వారిద్దరికి తగవు రాదయ్యెను. పిమ్మట ఈ రెండు పనులు ఇద్దరికి పంచబడినప్పుడు, ఒకరి మనస్సును ఒకరు ఎరుగవలసిన అవసరము కలిగెను.

20వ శతాబ్దమున న్యూ హాంప్‌షైరు రాష్ట్రమునకు చెందిన రాల్ఫ్ పేజి (1903-1985) ఈ ఆటలను నిలిపినవారిలో ప్రసిద్ధుడు. 1937లో బెత్ టాల్మన్‌తో కలిసి ఒక గ్రంథమును వ్రాసెను. 1949 మొదలు 1984 వరకు ‘నార్తరన్ జంకెట్’ అను పత్రికను నడిపెను. 1947లో ఆయన మేళములో బాబ్ మెక్‌విలన్ (1923-2014) అను యువకుడు అకార్డియను వాయింప మొదలిడెను. ఈయన పిమ్మట పియానో వాయించుటలో పేరుపొందెను. వేయికి మించిన పాటలు కట్టెను. 2002లో ఆ దేశపు జాతీయ వారసత్వ పురస్కారమును పొందెను. ఈయన వృత్తిచేత ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. బాలురకు చేతిపనులు నేర్పెడివాడు.

4. ఆటకు ముందు

మంచి పిలుచువాడు తన పనిని ఆట మొదలు కాకమునుపే వాద్యగాండ్రతో ప్రారంభించును. ఆటల నడకలను అతడు చిన్న అట్టలపైన వ్రాసికొని తెచ్చును. ఆటగాండ్రకు నడకలు నేర్పబోవుటకు ముందు ఆ అట్టను వాద్యగాండ్రకు చూపును. అతడు సంగీతములేక నడిపించి నేర్పుచుండగా, వారు ఆ ఆటకు తగిన పాటలను ఎంచుకొందురు.

ఇచ్చట అతడు చెప్పవలసినదేమి? పాట పేరు చెప్పనక్కరలేదు. అది వాద్యగాండ్ర విద్య. ఆటయొక్క స్వభావమును చెప్పవలెను. బ్యాలెన్సు రెండవ ముక్క మొదట వచ్చునని చెప్పినచో, ఆ చోట గట్టి దెబ్బగల పాటను వారు ఎంచుదురు. నడకలన్నియు నీరు ప్రవహించునట్లు ఒకదానిలోనికి ఒకటి సాగునవైనచో మృదువైన పాటను ఎంచుదురు. ఆటగాండ్రలో క్రొత్తవారు అనేకులున్నచో ముక్కలభేదము స్పష్టముగా వినబడు పాట కావలెను. ఏలయనగా వారి చెవులు పాటను ఆనుకొని నడుచును.

సాధారణమైన లెక్కకు లోబడని ఆటయైనచో ముందుగా చెప్పకపోవుట గొప్ప తప్పు. ‘మనీ మస్క్’ అను పాత ఆటను దృష్టాంతముగా తీసికొనుడు. దీని పాట స్కాట్లండు దేశస్థుడైన డేనియల్ డో 18వ శతాబ్దమున కట్టినది. న్యూ ఇంగ్లండులో ఈ ఆటకు 64 అడుగులకు బదులు 48 అడుగులే. పాటలోని మూడు ముక్కలను మరల వాయింపక ఒక్కొక్కమారే వాయింతురు. ఈ సంగతి ఎరుగని మేళము అలవాటు చొప్పున ప్రతి ముక్కను రెండుమారులు వాయించినచో, రెండవ ఆవృత్తమునకే శాల అంతయు చెదరిపోవును. అప్పుడు జనులు వాద్యగాండ్రవైపు చూతురు. తప్పు మాత్రము నోరు తెరచి ఒక మాట చెప్పని పిలుచువానిదే.

5. ఎత్తుగడ

ఆట ఆరంభమగునప్పుడు ఫిడేలు వాయించువాడు పాట నెత్తుకొనకముందు నాలుగు దెబ్బలతో లయను చూపును. దీనికి వారు వేడుకగా ‘నాలుగు బంగాళాదుంపలు’ అని పేరు పెట్టిరి. ఈ నాలుగు దెబ్బల కాలములోనే పిలుచువాడు వేగము తగినదో కాదో వినవలెను, మొదటి నడకను చెప్పియు ముగింపవలెను.

పిలుపు ఎప్పుడును అడుగుకు ముందు రావలెను. ఇది ఈ విద్యకు మూలసూత్రము. నడక మొదటి అడుగున ప్రారంభము కావలసియుండగా, ఆ అడుగునందే దాని పేరు చెప్పినచో ఆటగాండ్రు విని, గ్రహించి, కదలునప్పటికి రెండుమూడడుగులు గడచిపోవును. కావున ముందటి నడకయొక్క చివరి నాలుగు అడుగులలో మాట చెప్పి, పాట క్రొత్త ముక్కలోనికి అడుగిడునప్పటికి నోరు మూయవలెను. అప్పుడు మాట సిద్ధపరచును, పాట కదలించును. ఆటగాడు మనుష్యుని ఆజ్ఞకు కదలినట్లుకాక సంగీతమునకు కదలినట్లే తలంచి సంతోషించును.

ఇందువలన మనకు తెలియునదేమనగా, పిలుచువాడు తన మాటలను పాటలోని ఖాళీస్థలమున ఇమిడ్చుకొనవలసినవాడు. పాట అతనికొరకు ఆగదు. వాద్యగాండ్రు అడుగు తప్పక నడుచుచుందురు. అతడు ఆలస్యమైనచో వారిని ఆలస్యము చేయరాదు. తన మాటలను తగ్గించుకొనవలెను. పొడుగాటి వాక్యము అక్కరకు రాదు. ‘వలయము ఎడమకు’ అను రెండు మాటలు చాలును.

6. ఆట నడుమ

మొదటి రెండుమూడు ఆవృత్తములలో పిలుచువాడు ప్రతి నడకను చెప్పును. పిమ్మట మాటలను కొద్దికొద్దిగా తగ్గించును. జనులకు నడకలు అలవడినవని తెలిసినప్పుడు పూర్తిగా మౌనము వహించును. ఇది సోమరితనమువలన కలుగు మౌనము కాదు. వాద్యగాండ్రు ఎంతో శ్రమపడి నేర్చిన విద్య అతని కంఠధ్వని క్రింద అణగిపోరాదు. వినోదమునకు వచ్చినవారు సంగీతమును వినుటకు వచ్చిరి. ఎంత త్వరగా తన మాట అనవసరమగునో అంత బాగుగా తాను నేర్పినట్లు అతడు ఎంచుకొనును.

మౌనముగా నున్నప్పుడును కన్నులు పనిచేయుచుండవలెను. ముసలివారు అడుగుకు వెనుకబడుచున్నారా? వేగము అధికమైనదని అర్థము. అప్పుడు అతడు మేళము పెద్దవైపు తిరిగి, అరచేతిని మెల్లగా క్రిందికి దించి చూపును. మైకులో ‘మెల్లగా వాయించుడు’ అని అందరు వినునట్లు చెప్పుట మర్యాద కాదు. తోటి పనివానిని సభలో సరిదిద్దుటయు, ప్రక్కను నిలిచి సరిదిద్దుటయు ఒకటి కావు.

ఒక గుంపు దారి తప్పినదనుకొనుడు. పాటను ఆపుమని చెప్పుట అవివేకము. మిగిలిన గుంపులు బాగుగానే ఆడుచున్నవి. పాట మొదటి ముక్కకు తిరిగి వచ్చువరకు కనిపెట్టి, అచ్చట నడకలను మరల స్పష్టముగా చెప్పవలెను. పాటకు ఆరంభము మాటిమాటికి వచ్చుచుండుట గొప్ప ఉపకారము. తప్పినవారందరు ప్రతి అరనిమిషమునకు ఒకమారు మరల మొదలు పెట్టవచ్చును.

వాద్యగాండ్రు తామే తప్పుటయు కలదు. మొదటి ముక్కను మూడవమారు వాయించిరనుకొనుడు. అప్పుడు పిలుచువాడు కోపపడక, జనులు ఇప్పుడున్న నడక ఏ ముక్కకు చెందినదో వారికి మెల్లగా చెప్పినయెడల, వారు వెంటనే ఆ ముక్కలోనికి ప్రవేశింతురు. ఆటగాండ్రలో పెక్కుమందికి తప్పు జరిగినట్లైనను తెలియదు. ఈ మేలు అతడు వారికి చేసినచో, అతడు నడక మరచిన దినమున వారును అట్లే చేయుదురు.

7. ముగింపు

ఆటను నిలుపుట అన్నిటికంటె కష్టము. వాద్యగాండ్రు ఒకే పాటను చివరవరకు వాయింపరు. రెండుమూడు పాటలను ఒకదానివెనుక నొకటి కూర్చుకొందురు. మరియొక పాటకు మారినప్పుడు శాలలో క్రొత్త ఉత్సాహము పుట్టును. ముగింపు ఎప్పుడో తెలియనిచో వారు క్రొత్త పాటను ఎప్పుడు ఎత్తుకొనవలెనో నిర్ణయించుకొనలేరు. కావున పిలుచువాడు ఇంక మూడు ఆవృత్తములున్నవనగా మూడు వ్రేళ్లు చూపును. చివరి ఆవృత్తమున మరల సంజ్ఞ చేయును.

ఇందులో ఒక చిక్కు కలదు. మూడు వ్రేళ్లు చూపినప్పుడు, ఇప్పుడు నడుచుచున్న ఆవృత్తము ఆ మూడింటిలో చేరినదా, చేరలేదా? పిలుచువాడు ఒక విధముగాను మేళము మరియొక విధముగాను తలంచినచో, పాట ఒక చోటను ఆట మరియొక చోటను ముగియును. కావున ఆటకు ముందే ఈ సంగతిని మాట్లాడుకొనవలెను. సంజ్ఞను ఆవృత్తము ఆరంభముననే చూపవలెను. చివరి ముక్కలో చూపినచో సందేహమునకు ఎడమిచ్చును.

ఆట ముగిసిన పిమ్మట పిలుచువాడు వాద్యగాండ్ర పేర్లను ఒక్కొక్కటిగా సభకు చెప్పి, వారికి వందనము చెప్పించును. తన పేరు చెప్పుకొనడు.

8. యంత్రమును మనుష్యులును

‘గ్రామఫోను పలకలు కలవు గదా, ఇప్పుడు వాటికంటె తేలికయైన యంత్రములును కలవు గదా, ఇంత శ్రమ యేల?’ అని బుద్ధిమంతుడైన బాలుడు అడుగవచ్చును. ఈ కాంట్రా నృత్యమునకు చుట్టమైన పాశ్చాత్య చతురస్ర నృత్యములో నేటి పిలుచువారు చాలవరకు ముద్రితసంగీతమునే వాడుచున్నారు. వాద్యగాండ్రు దొరకని చోట అది ఉపకారమే. యంత్రము అలసిపోదు, లెక్క తప్పదు.

అయితే యంత్రము చూడదు. ఒక వరుస చెదరినదని ఎరిగి మరి రెండు ఆవృత్తములు అధికముగా వాయింపదు. ముసలివారినిచూచి మెల్లగా నడువదు. పదిమంది నవ్వినప్పుడు ఫిడేలు కమానును ఇంకొంచెము ఎగురవేయదు. అందుచేతనే కాంట్రా నృత్యము నాడువారు ప్రాణముగల వాద్యగాండ్రను కావలెనను ఆచారమును విడువలేదు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు ఆ శాలలు మూతబడెను. దూరముననుండి యంత్రముల మూలముగా కలిసి వాయింపజూచినవారికి, ఒకరి ధ్వని మరియొకరికి ఆలస్యముగా చేరుటవలన లయ కుదరదయ్యెను. ఒకే గదిలో ఒకరి ఊపిరి ఒకరు వినుట ఎంత విలువగలదో అప్పుడు తెలిసినది.

9. పెద్దల సందేహము

క్రైస్తవ పాఠశాలయొక్క పత్రికలో నృత్యమునుగూర్చిన వ్యాసమేల అని తల్లిదండ్రులలో కొందరు సందేహింపవచ్చును. ఈ సందేహము క్రొత్తది కాదు. 19వ శతాబ్దపు అమెరికాలోను భక్తిగల అనేక కుటుంబములవారు ఫిడేలును సాతాను వాద్యమని దూరముంచిరి. వారి పిల్లలు వాద్యములు లేకయే, తామే పాడుచు చప్పట్లు కొట్టుచు, ఆ నడకలనే ఆటగా ఆడుకొనిరి. దానిని నృత్యమనక ‘ప్లే పార్టీ’ అని పిలిచిరి. పేరు మారినందున పెద్దలు సమ్మతించిరి. కాళ్లు మాత్రము అవే అడుగులు వేసెను!

ఈ ఆటను మన పాఠశాలకు తేవలెనని మేము కోరుటలేదు. పెద్దల మనస్సాక్షిని మేము గౌరవింతుము. కాని కలిసి పనిచేయు విధమును ఎచ్చట చూచినను నేర్చుకొనదగును. అపొస్తలుడైన పౌలు కొరింథులోని సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమున, వాద్యములయొక్కయు బూరయొక్కయు ధ్వని స్పష్టముగా నుండవలసిన సంగతిని దృష్టాంతముగా తీసికొనెను. ఆ అధ్యాయమును ఈ వ్యాసముతో కలిపి చదువుడని మా మనవి.

10. మాకు కలిగిన గుణపాఠము

ఇంతవరకు ఇతరులకు చెప్పితిమి. ఇక మా తప్పును చెప్పుదుము. కొన్ని సంవత్సరములక్రిందట, వేరొక పాఠశాలలో, వార్షికోత్సవమునాడు బాలురచేత పాటతోకూడిన వ్యాయామమును చేయించితిమి. ఒకడు హార్మోనియమును, ఎనిమిదవ తరగతి బాలుడొకడు మృదంగమును వాయించిరి. అధ్యక్షులు గడియారము చూచుట కనిపెట్టి, మేము పాట నడుమ ‘ఆగుడు’ అని కేకవేసితిమి. హార్మోనియము ఒక చోట ఆగెను. మృదంగము రెండు దెబ్బలు దాటి ఆగెను. బాలురు కొందరు ఒంటికాలిపైన నిలిచిపోయిరి. సభ నవ్వెను. మేము సిగ్గుపడి, ఆ సిగ్గును మృదంగము వాయించిన బాలునిమీద వేసి, వాని తల్లిదండ్రుల ఎదుటనే వానిని గద్దించితిమి.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ బాలునికి లయ తెలియును, మాకే తెలియలేదు. లయ ఎరిగినవాడు నడిదారిలో నిలువలేడు. మరునాడు తరగతిలో, గద్దించిన నోటితోనే, అందరు వినునట్లు వానిని క్షమాపణ వేడితిమి. వాడు తల వంచుకొని, ‘అయ్యగారూ, నిలుపవలెనన్నచో రెండు ఆవృత్తములు ముందుగా మాకు చెయ్యి చూపుడు, ముక్తాయింపు వేసి అందరము కలిసి నిలుపుదుము’ అనెను. న్యూ ఇంగ్లండు పిలుచువారు మూడు వ్రేళ్లు చూపి చేయుపనిని, ఆ దేశము పేరైనను వినని బాలుడు మాకు నేర్పెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆజ్ఞ యిచ్చుట నేర్చితిమి. ఆజ్ఞకు ముందు వినవలెనని వానియొద్ద నేర్చితిమి.

విద్యార్థులారా, ఈ వ్యాసమును చదివిన పిమ్మట ముగ్గురు కలిసి ఒక చిన్న ప్రయోగము చేయుడు. ఒకడు సమమైన లయతో చప్పట్లు కొట్టవలెను. ఒకడు నడువవలెను. మూడవవాడు ఎనిమిదేసి దెబ్బలకొకమారు దిక్కు మార్చుమని చెప్పవలెను. అయితే చప్పట్లు కొట్టువాడు ఎన్నడును ఆగరాదు. మొదట తొమ్మిదవ దెబ్బమీద చెప్పి చూడుడు. పిమ్మట ఆరవ దెబ్బమీద చెప్పి చూడుడు. తరువాత పనులు మార్చుకొనుడు. ముగ్గురును మూడు పనులును చేసిన పిమ్మట, మాట చెప్పువాని బాధయు, లయ నిలుపువాని బాధయు మీకు సమానముగా తెలియును. అట్లు తెలిసినవాడే మానిటరుగా నుండదగినవాడని మా అభిప్రాయము.